మబ్బు దినమున తీసిన పటము



ఫోటో తీయించుకొనుటకు ఎండ కావలెనని మన పల్లెలలో పెద్దలకొక నమ్మకముండెడిది. పెండ్లికుమారుని, పెండ్లికుమార్తెను కుర్చీలలో కూర్చుండబెట్టి, ఫోటోగ్రాఫరు ఆకాశమువైపు చూచి, మబ్బు తొలగువరకు అందరిని నిలువబెట్టెడివాడు. ఎండకు కన్నులు చికిలించి తీయించుకొన్న ఆ పటములు మీ యిండ్లలో నేటికిని ఉండవచ్చును. నేనును ఆ నమ్మకముతోనే చాలకాలము గడిపితిని. మబ్బు పట్టిన దినమున కెమెరాను సంచిలోనుండి తీయకపోయెడివాడను. ఆ అలవాటు ఒక మార్చి నెల ఉదయమున నన్ను విడిచినది. అది ఎట్లు పోయినదో, దాని వెనుక నా మనస్సులో చాలయేండ్లుగా అణగియున్న మరియొక సంగతి ఎట్లు పైకి వచ్చినదో మీతో చెప్పవలెనని యున్నది. చెప్పుకొనుటకు అంత సంతోషకరమైన సంగతి కాదు.

శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలములో, కర్ణాటక సరిహద్దునకు దగ్గరగా, వీరాపురమను గ్రామము కలదు. 2022 వరకు అది అనంతపురము జిల్లాలోనిది. ఏటేట జనవరి ప్రాంతమున ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరికి వచ్చి, ఊరి నడుమనున్న చింతచెట్లమీద గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు వచ్చిన తరువాత జూలై, ఆగస్టు నెలలలో తిరిగిపోవును. అవి గూడు కట్టుటకు మనుష్యులులేని చోటు వెదకుకొనలేదు. ఇండ్ల నడుమనున్న కొమ్మలనే కోరుకొన్నవి. క్రింద పశువులను కట్టివేయుదురు, బాలురు గోళీలాడుదురు, స్త్రీలు చేటలో బియ్యము ఏరుకొందురు. పైన కొంగలు ముక్కులను టకటక కొట్టుచుండును. పెరిగిన ఎర్రకాళ్ళ కొంగకు గొంతు లేనట్లే. దాని మాటయంతయు ఆ ముక్కు చప్పుడే. వాటి రెట్టచేత ఆకులును కప్పులును తెల్లబడును. వాసనను గూర్చి వ్రాయకుండుటయే మేలు. ఇంకొక మాట: చింతపండు దులుపు కాలమును, ఈ కొంగలు పిల్లలను సాకు కాలమును ఒకటే. దాని అర్థము రైతు బిడ్డలైన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మా అన్న కుమారుని వెంటబెట్టుకొని నేను వెళ్లిననాడు తెల్లవారుజామునుండియే ఆకాశము మూసికొని యుండెను. వాన లేదు, గాలి లేదు. దుప్పటి కప్పినట్లు ఒకటే మబ్బు. ఇంత దూరము వచ్చి ఇట్లాయెనే యని నేను విసుగుకొంటిని. దారిలో కానుగచెట్లు లేత చిగురు తొడిగి యుండెను. వాటిని చూచియు నేను బండి ఆపలేదు. వెలుగు లేనిదే చిగురునకు అందమేమి యనుకొంటిని.

మా వాడు బండి ఆపించెను. అప్పుడు దిగి చూచితిని. చదువరీ, మీరు ఈ సంగతిని మీ పొలము గట్టుననే పరీక్షించుకొనవచ్చును. మంచి ఎండలో కానుగ ఆకుమీద సూర్యుని తళతళ పడి, ఆకు సగము తెల్లగా కనబడును. మిగిలిన సగము నీడలో నల్లబడును. ఆకుపచ్చ యెక్కడనున్నదో వెదకుకొనవలెను. మబ్బు పట్టిననాడు ఆ తళతళ యుండదు, ఆ నీడయు నుండదు. చిగురు దాని నిజమైన రంగుతో నిలిచియుండును. ఈ కాలముననే పూచు మోదుగపూవును ఎండలోను మబ్బులోను చూడుడి. మబ్బులోనే దాని ఎరుపు మండుచున్నట్లుండును. కారణము కష్టమైనది కాదు. సూర్యుడు ఒక్క దీపమువంటివాడు. ఒక ప్రక్కనుండి మాత్రమే వెలుగును. మబ్బు అతని వెలుగును పట్టుకొని ఆకాశమంతట పరచును. దీపమునకు మారుగా పందిరియంతయు వెలుగగును. అన్ని ప్రక్కలనుండి వచ్చు వెలుగునకు గట్టి నీడ యుండదు.

అయితే అట్టి దినమున కొండలను, పొలములను తీయువారు ఆకాశమును పటములో తక్కువగా నుంచవలెను. తెల్లని మబ్బు పటమునకు పైభాగమున సున్నము కొట్టినట్లుండును. నేలనే చూడవలెను: బండలమీది మరకలు, దుక్కి మట్టి, చిగురు, పూవు.

పక్షుల విషయమున చిక్కు మరికొంత యున్నది. కొంగ కొమ్మ చివర నిలిచియుండును. దాని వెనుక తెల్లని ఆకాశము. కెమెరా ఆ తెలుపును చూచి, వెలుగు కావలసినదానికంటె ఎక్కువయున్నదని మోసపోయి, తన కన్నును కొంచెము మూసికొనును. కొంగ బొగ్గుముక్కవలె నల్లనగును. కాబట్టి వెలుగును ఒక మెట్టు, ఒకటిన్నర మెట్టు మనమే పెంచవలెను. లేదా ఆకులు వెనుకనుండునట్లు మనమే చోటు మార్చుకొనవలెను. మబ్బు దినపు వెలుగు మంచి ఎండలో నాల్గవవంతో, ఎనిమిదవవంతో యుండును. ఎండలో ఐ.ఎస్.ఓ. అను అంకెను 200 వద్ద నుంచువాడు దానిని 800కో 1600కో పెంచవలెను. లేనియెడల ఎగురు పక్షి పటములో చెరిపివేసిన అక్షరమువలె కనబడును.

ఇదిగో, శోధన యిక్కడనే వచ్చును. వెలుగు తక్కువైనపుడు ఎవడైనను దగ్గరకు పోవలెననుకొనును. ఇంకొక పది అడుగులు, ఆ మిద్దెమీదికి ఎక్కినయెడల గూడు కంటికెదురుగా నుండును గదా యని నాకును తోచెను. మిద్దెవారిని అడిగినయెడల కాదనరు కూడ. కాని గూటిలోని పిల్లలు బెదరి అంచునకు జరిగినచో క్రింద పడును. పడిన పిల్లను తల్లి పైకి మోసికొని పోలేదు. నేను క్రిందనే నిలిచితిని. అది నా మంచితనమని తలంచకుడి. అక్కడ ఒక అవ్వ అరుగుమీద కూర్చుండి నన్ను కనిపెట్టుచుండెను. అదియు ఒక కారణమే.

కొంతసేపటికి ఆమె అడిగెను: “ఎంతసేపు ఆడనే నిలబడ్తావు నాయనా? ఈ పొద్దు ఎండ రాదులే.”

“ఎండ లేకపోతే పటము బాగుండదవ్వా,” అంటిని.

“నీకు బాగుండదేమో. దానికి బాగుంటాది,” అని గూటివైపు చేయి చూపెను. “ఎండ కాస్తే ఆ తల్లి పొద్దుకు వీపు పెట్టి, రెక్కలిప్పి, పిల్లలకు గొడుగు పడ్తాది. మిట్టమధ్యాన్నం దాకా అట్లే నిలబడి ఉంటాది. ఈ పొద్దు మబ్బు కదా. దానికీ రొంత సుఖం. పురిటికి వచ్చిన ఆడబిడ్డకు ఒక పూటైనా సుఖం ఉండొద్దా?”

నేను మరల గూటివైపు చూచితిని. అంతవరకు నేను చూచినది కొంగను కాదు, వెలుగును. ఇప్పుడు తల్లి కనబడెను. రెక్కలు ముడిచి, ఒక కాలు పైకెత్తి, మెడను వంచి, ఊరక నిలిచియుండెను. దాని వెనుకభాగపు ఈకలలోని గులాబిరంగు, ఎండలో తెలుపుతో కలిసిపోవునది, ఇప్పుడు తేటగా తెలియుచుండెను. రొమ్ముమీది నల్లని పట్టెలో ఈక యీక వేరుగా నుండెను. మూడు పిల్లలు గూటిలో చాపమీద పండుకొన్న పసివారివలె ఇటు ఒకటి అటు ఒకటిగా పడియుండెను. ఆ తల్లి పని మానుకొని నిలుచుటకు ఆకాశము మూసికొనవలసివచ్చెను. ఆ పటము తీసితిని. ఆకాశము తెల్లగానే యున్నది. అందులో ఏ విశేషమును లేదు, అలసిన ఒక తల్లి తప్ప.

తిరుగు దారిలో మా వాడు పటమును చూచి, “బాగుంది బాబాయ్, కాని ఆకాశం చచ్చిపోయింది. నీలంగా మార్చి ఇస్తాను, ఒక్క క్షణం పని,” అనెను. ఈనాటి ఫోనులలో అట్టి సాధనములు కలవని మీలో యువకులు ఎరుగుదురు. వ్రేలితో తాకినంతనే మబ్బు పోవును, నీలాకాశము వచ్చును, కావలెనన్న సూర్యాస్తమానము కూడ వచ్చును. వాడు చేసి చూపెను. నిజము చెప్పవలెనన్న, అందముగానే యుండెను.

“వద్దు,” అంటిని. ఎందుకని వాడు అడిగెను. అందులో ఎవరికి నష్టమని అడిగెను. కొంగకు తెలియదు, ఊరివారికి తెలియదు, చూచువాడు సంతోషించును. ఇది మంచి ప్రశ్న. మీరును ఒక నిమిషము ఆలోచించుడి.

పటమును మరికొంత వెలుగుగా చేయుట, నలుపు తెలుపులను సరిదిద్దుట అబద్ధమని నేననను. పూర్వము చీకటిగదిలో కాగితమును ఒకడు కొంచెముసేపు, ఒకడు ఎక్కువసేపు వెలుగునకు చూపెడివాడు. అది ఆ పనిలోని భాగమే. కాని ఆకాశమును మార్చుట వేరు. ఆ పటములో తల్లి రెక్కలు ముడిచియున్నది, పిల్లలు ఆరుబయట పడియున్నవి. దానిమీద నీలాకాశమును, ఎండను పెట్టితిమా, చూచువాడు ఏమనుకొనును? పక్షుల సంగతి తెలిసినవాడు, ఇంత ఎండలో పిల్లలకు నీడ పట్టని తల్లి యెట్టి తల్లి యనుకొనును. మనము మార్చినది ఆకాశమునే. నింద పడునది తల్లిమీద. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదని మనము చిన్ననాడే నేర్చుకొంటిమి. ఆ పొరుగువానికి నోరు లేనిచో ఆ మాట చెల్లకపోవునా? ఇట్లని మా వానికి చెప్పితిని. వాడు తల వంచుకొని ఆ నీలాకాశమును తీసివేసెను. నా ఉపదేశము ఫలించినదని నేను లోలోపల మురిసితిని.

ఆ రెండవ దినమున ఇంటికి చేరితిమి. మా యింటి ముందుగదిలో గోడమీద ఒక పటమున్నది. పదునొకండేండ్ల క్రిందట నేను తీసినదే. వచ్చినవారందరు దానిని మెచ్చుకొందురు. ఒక తీతువుపిట్ట తన నాలుగు గుడ్లపైన నిలిచి, రెక్కలు కొద్దిగా విప్పి, పొట్టయీకలనుండి నీటిబొట్లు కారుచుండగా తీసిన పటము. మండుటెండలో గుడ్లు ఉడికిపోకుండ ఆ పక్షి నీటికి పోయి పొట్టను తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లపరచును. ఆ నీటిబొట్లు ఎండకు ముత్యములవలె మెరయుచున్నవి. ఆ పటములో ఏ మార్పును లేదు. ఆకాశము నాటి ఆకాశమే.

మా వాడు దానియెదుట నిలిచి, “ఈ పిల్లలు బయటికి వచ్చాయా బాబాయ్?” అనెను.

ఈ ప్రశ్న నన్ను అనేకులడిగియున్నారు. “వచ్చియుండును” అని చెప్పుట నాకు అలవాటు. ఆ దినమున ఆ మాట గొంతులోనే నిలిచిపోయెను.

చదువరీ, జరిగినది ఇది. ఏప్రిలు నెల, ఒక చెరువు ఎండిన అంచున, గట్టి నేలమీద చిన్న గుంటలో ఆ గుడ్లున్నవి. తీతువుపిట్ట గూడు కట్టదు. నాలుగు గులకరాళ్ళే దాని గూడు. గుడ్లు మట్టిపెళ్లలవలె మచ్చలతోనుండి నేలలో కలిసిపోవును. ఒక ప్రక్క ఎండుగడ్డి దుబ్బు, రెండు పెళ్లలు వాటిని కొంత మరుగుచేయుచుండెను. అవి నా పటమునకు అడ్డమాయెను. నేను గడ్డిని పీకివేసితిని, పెళ్లలను తొలగించితిని. పదియడుగుల దూరమున గోనె కప్పుకొని కూర్చుంటిని. మంచి వెలుగుండవలెనని మిట్టమధ్యాహ్నమునే కోరుకొంటిని. ఆ పక్షి నా చుట్టు తిరుగుచు ఒక గంటకు పైగా అరచెను. తీతువు కూత కీడునకు సూచనయని మన పల్లెలలో అందురు. నేను దానిని నమ్మువాడను కాను. అయినను అది ఆ దినమున కీడును గూర్చియే అరచినది, తన కీడును గూర్చి. తుదకు ఎండ వేడిమి ఓర్వలేక, నా భయముకంటె గుడ్ల భయమే యెక్కువై, నీటికి పోయి వచ్చి నిలిచెను. పటము తీసికొని సంతోషముగా ఇంటికి వచ్చితిని. మరునాడు వెళ్లి చూడగా గుంటలో ఒక్క గుడ్డును లేదు. రెండు కాకులు ఆ చుట్టుప్రక్కల నడచుచుండెను. కాకులే తినెనో, ముంగిసయే తినెనో నేను చూడలేదు. గడ్డి పీకినది మాత్రము నేనే.

మా వానికి ఇదంతయు చెప్పితిని. వాడు ఏమియు అనలేదు. అనినయెడల కొంత తేలికగా నుండెడిదేమో.

ఆ తరువాత 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును తీసి చూచితిని. అందులో వేట యనగా నేమో చెప్పుచు, చంపుట, పట్టుట, ఉచ్చు వేయుటతోపాటు, అడవిపక్షుల గుడ్లను పాడుచేయుటను, గుడ్లనుగాని గూళ్ళనుగాని కలతపెట్టుటను కూడ ఆ మాటలోనే చేర్చిరి. నా చేతిలో తుపాకి లేదు, వల లేదు. నేను మాంసము తినలేదు, ఈకను కూడ తేలేదు. అయినను చట్టమిచ్చిన పేరు వేటయే. ఆ మాట నాకు సరిగానే తోచినది. వేటగాడు ఇంటికి ఏదో తెచ్చుకొని గోడకు తగిలించుకొనును, నేనును తగిలించుకొంటిని.

ఇందుకు మారుమాట కలదు. దగ్గరనుండి తీసిన పటములు లేకున్నచో మనుష్యులకు పక్షులమీద ప్రేమ ఎట్లు కలుగును? పూర్వము పక్షిని గుర్తించుటకు దానిని కాల్చి చేతిలో పట్టి చూచెడివారు. కెమెరా వచ్చి తుపాకిని దింపించలేదా? ఇది నిజమే, కొట్టివేయదగినది కాదు. ఇంగ్లండు దేశములో రిచర్డు కేర్టను, చెర్రీ కేర్టను అను అన్నదమ్ములు 1892లో ఒక గూటిని గుడ్లతోసహా ఫోటో తీసిరి. 1895లో ఆ దేశపు పక్షుల గూళ్ళను గూర్చి వారు ప్రచురించిన పుస్తకము, ఉన్నచోట తీసిన ఫోటోలతోనే నిండినది. పక్షులకు బెదురు కలుగకుండునట్లు ఎద్దుచర్మమును బొమ్మగా నిలిపి, దాని కడుపులో దూరి కూర్చుండిరి. పల్లెటూరివారు దానిని చూచినచో నవ్విపోదురు. కాని అంత శ్రమ పడినది ఎందుకు? పక్షి తన పనిని తాను చేసికొనుచుండగా చూడవలెనని. నేను తీతువుకడ ఆ ఓపిక పట్టితినా? గోనె కప్పుకొంటిని, కాని గడ్డిని పీకుట దానికి ముందే జరిగిపోయినది.

అదే దేశమున ఎరిక్ హాస్కింగ్ అను ప్రసిద్ధ పక్షి ఫోటోగ్రాఫరు 1937లో గూటియొద్ద ఒక గుడ్లగూబ గోరు తగిలి ఎడమకన్ను పోగొట్టుకొనెను. తరువాతను జీవితాంతము పక్షులనే తీసెను. గుడ్లగూబకు గోరున్నది గనుక తన మాట చెప్పుకొన్నది. తీతువునకు అరపు తప్ప ఏమున్నది? ఈ రోజులలో గూటి పటములను స్వీకరింపని పోటీలు కూడ కలవు. ఆ నియమము కఠినమని ఒకప్పుడు నేను సణిగితిని. ఇప్పుడు సణుగను. అయినను గూడు తీయకూడదని మీకు నేను గట్టిగా చెప్పలేను, ఏలయనగా వీరాపురములో నేను తీసినదియు గూడే. అక్కడ గూడు ఊరిలో నున్నది. క్రింద మనుష్యులు తిరుగుట ఆ పక్షులకు నిత్యము అలవాటు. నేను నిలిచినచోట గోళీలాడు బాలురు నిలుతురు. దూరమే ఇక్కడ ముఖ్యమైనది కాదు. నేను వచ్చుటవలన ఆ ఉదయము ఆ తల్లికి మారినదా లేదా యన్నదే నేను ఇప్పుడు నన్ను అడుగుకొను ప్రశ్న. ఈ ప్రశ్న పక్షులకడ మాత్రమే అడుగదగినది కాదేమో. ఆపదలో ఏడ్చువారిని ఫోనులో తీయుట మన పల్లెలలోను సాధారణమైపోయినది. దానిని గూర్చి మరొకమారు వ్రాసెదను.

ఇక ఆ తీతువు పటమును ఏమి చేయవలెనని నా భార్యయు నేనును మాటలాడుకొంటిమి. తీసివేయుమని ఆమె యనెను. తీసివేసి అటకమీద పెట్టుట నాకు సుళువే. గోడమీద మేకు ఒక్కటి మిగులును, ఎవరును ఏమియు అడుగరు. ఆ సుళువే నాకు నచ్చలేదు. వీరాపురపు పటమును అచ్చు వేయించి, ఒక ప్రతిని ఆ అవ్వకు పంపి, రెండవదానిని తీతువు ప్రక్కన తగిలించితిని. తీతువు పటపు చట్రమును విప్పి, అద్దము తీసి, క్రింది తెల్ల అంచున పెన్సిలుతో ఇట్లు వ్రాసితిని: “గుడ్లు నాలుగు. మరుగుగా నున్న గడ్డిని నేను పీకితిని. మరునాటికి ఒక్కటియు లేదు.” మరల అద్దము పెట్టి, యథాస్థానమున తగిలించితిని.

ఇప్పుడును వచ్చినవారు నీటిబొట్లనే మొదట చూతురు. దగ్గరకు వచ్చి అక్షరములు చదువుదురు. తరువాత కొంచెముసేపు మాటలాడక, ప్రక్కనున్న మబ్బు పటమువైపు తిరుగుదురు.